బడిలో చెల్లేది ఎవరి మాట?

ఏప్రిల్‌లో తరగతులు మొదలై, కొత్త పుస్తకాలకు అట్టలు వేయడం పూర్తయ్యాక, గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలల్లో విద్యార్థి మండలి ప్రమాణ స్వీకారం జరుగుతుంది. ఇన్వెస్టిచర్ అంటారు దాన్ని. ఖతార్‌లోని అల్ వుకైర్ బడులూ ఇందుకు మినహాయింపు కాదు. హెడ్ బాయ్, హెడ్ గర్ల్, హౌస్ కెప్టెన్లు భుజం మీదుగా పట్టీ వేసుకుని, బ్యాడ్జీ పెట్టించుకుని, బడి గౌరవం నిలబెడతామని ప్రమాణం చేస్తారు. సాయంత్రానికల్లా ఫొటోలు అమ్మమ్మల, నాయనమ్మల ఫోన్లకు చేరిపోతాయి. ఆ తర్వాత ఏడాది పొడుగునా వాళ్ల పని అసెంబ్లీలో వరసలు సరిచేయడం, మెట్ల దగ్గర నిలబడి తోసుకోకుండా చూడటం, అతిథులొస్తే బొకేలు అందించడం. పరీక్షల తేదీలు, హోంవర్కు బరువు, లైబ్రరీకి కొనే పుస్తకాలు, ఏ పాఠం ముందు ఏది వెనక అన్న విషయాల్లో ఏ ఒక్కటీ వాళ్ల దాకా రాదు. మేనేజ్‌మెంట్లకు పిల్లలంటే లెక్కలేదని దీని మీద విరుచుకుపడటం తేలిక. కానీ బడిలో అధికారం ఎలా పంచుకోవాలన్న ప్రశ్న మీద మన దగ్గరా బయటా పోగైన అనుభవాన్నంతా ఒకచోట పెట్టి చూస్తే, అడ్డం మరోచోట కనిపిస్తుంది. పై నుంచి కిందికి రావాల్సిన అధికారం మధ్యలో, టీచర్ దగ్గర, తెగిపోతోంది. తన తరగతిలో తన మాటే చెల్లని టీచర్ పిల్లల మాట చెల్లించలేరు. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచుకున్న వాదన ఇదొక్కటే.

ముందు అల్ వుకైర్ సంగతి. దోహాకు దక్షిణాన, అల్ వక్రా మునిసిపాలిటీ పరిధిలో ఉన్న ఈ ఊరు ఒకప్పుడు ఎడారి పల్లె. ఇప్పుడు ఎజ్దాన్ కాంపౌండ్లు, విల్లాలు, వాటి వెంటే డీపీఎస్ మోడర్న్ ఇండియన్ స్కూల్, శాంతినికేతన్ ఇండియన్ స్కూల్ వంటి పెద్ద బడులు. మలయాళీల తర్వాత తమిళులు, తెలుగువాళ్లు, ఉత్తరాది వాళ్లు తమ పిల్లల్ని ఇక్కడ చదివిస్తున్నారు. ఏదో ఒక బడి మీద తీర్పు చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు, ఈ తరహా బడులన్నిటి నిర్మాణమే చర్చనీయాంశం. ఆ నిర్మాణంలో ప్రిన్సిపల్ గది తలుపు దాకా రాకముందే అధికారం నాలుగు చోట్ల పంచబడి ఉంటుంది. ఖతార్ విద్య, ఉన్నత విద్య మంత్రిత్వ శాఖ 2015 నాటి 23వ నంబరు చట్టం కింద ప్రైవేటు బడులకు లైసెన్సు ఇస్తుంది. ఫీజు పెంచాలంటే దాని అనుమతి కావాలి. అరబిక్, ఖతార్ చరిత్ర, ముస్లిం పిల్లలకు ఇస్లాం మతబోధ తప్పనిసరి చేసేదీ అదే. సిలబస్, బోర్డు పరీక్షలు ఢిల్లీలోని సీబీఎస్‌ఈవి. విదేశంలో ఆ బోర్డు గుర్తింపు రావాలంటే అక్కడి భారత రాయబార కార్యాలయం సిఫారసు ఉండాలి. మిగిలిన పెత్తనం బడికి పెట్టుబడి పెట్టిన మేనేజ్‌మెంట్‌ది. ఇన్ని చేతులు తాకాక ప్రిన్సిపల్‌కు మిగిలేది ఎక్కువగా అమలు చేసే పనే. మనం బయటినుంచి చూసి సర్వాధికారి అనుకునే ప్రిన్సిపల్, నిజానికి సర్క్యులర్లు అందుకుని సర్క్యులర్లు పంపే మనిషి.

సీబీఎస్‌ఈ నిబంధనల ప్రకారం ప్రతి బడికీ ఒక స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. అందులో తల్లిదండ్రుల నుంచి ఇద్దరు, టీచర్ల నుంచి ఇద్దరు ఉంటారు. ప్రిన్సిపల్ సభ్య కార్యదర్శి. విద్యార్థికి చోటు లేదు. కాగితం మీద టీచర్‌కు కుర్చీ ఉంది మరి, ఇంకా ఏం కావాలి అనవచ్చు. ఆ కుర్చీలో కూర్చునే టీచర్ ఎవరో చూడాలి. ఈ బడుల్లో పాఠాలు చెప్పేవారిలో చాలామంది భర్త స్పాన్సర్‌షిప్ మీద వచ్చిన ఆడవాళ్లు. మిగతావాళ్లు బడి వీసా మీద ఉంటారు. 2020లో ఖతార్ తన కార్మిక చట్టాన్ని మార్చి, పాత యజమాని నిరభ్యంతర పత్రం లేకుండానే ఉద్యోగం మారవచ్చని చెప్పింది. గల్ఫ్ లెక్కల్లో అది చిన్న మార్పేమీ కాదు. కానీ అదే చట్టం కింద, రెండేళ్లలోపు సర్వీసున్న వారిని ఒక నెల, అంతకు మించిన వారిని రెండు నెలల నోటీసుతో యజమాని తీసేయవచ్చు. బడి వీసా మీదున్న మనిషికి ఉద్యోగం పోవడమంటే జీతంతో పాటు రెసిడెన్సీ పర్మిట్, ఇల్లు, పిల్లల చదువు అన్నీ ఒకేసారి ప్రశ్నార్థకం కావడం. కమిటీ సమావేశంలో ఆ కుర్చీ ఎంత గట్టిగా మాట్లాడగలదో ఊహించడం కష్టం కాదు.

దీని ప్రభావం తరగతి గదిలో ఎలా ఉంటుందో ఒక మామూలు సందర్భం తీసుకుని చూద్దాం. యూనిట్ టెస్టుల టైంటేబుల్ వచ్చింది. లెక్కలు, సైన్సు పక్కపక్క రోజుల్లో పడ్డాయి. మధ్యలో ఒకరోజు విరామం ఇవ్వండి మేడమ్ అని తొమ్మిదో తరగతి పిల్లలు క్లాస్ టీచర్‌ని అడిగారు. అడిగిన దాంట్లో న్యాయం ఉందని ఆమెకు తెలుసు. కానీ టైంటేబుల్ వేసింది ఎగ్జామ్ సెల్. దాన్ని చూసింది కోఆర్డినేటర్, ఆమోదించింది వైస్ ప్రిన్సిపల్. సర్క్యులర్ ఇప్పటికే యాప్‌లో తల్లిదండ్రులకు వెళ్లిపోయింది. ఆమె లెసన్ ప్లాన్ వారం ముందే అప్‌లోడ్ అయి ఉంటుంది. ప్రశ్నపత్రం బ్లూప్రింట్ ప్రకారమే ఉండాలి. ఖాళీ పీరియడ్ వస్తే అందులో సబ్‌స్టిట్యూషన్ పడుతుంది. ఇన్ని గీతల మధ్య ఆమె పిల్లలకు ఇవ్వగలిగిన జవాబు ఒకటే, చూద్దాంలే. నాలుగైదుసార్లు ఆ మాట విన్నాక పిల్లలు అడగడం మానేస్తారు. టీచర్ల గదిలో ఈ పిల్లలకు బాధ్యత తెలియదన్న విసుగు మొదలయ్యేదీ అప్పుడే. అడిగే దారి మూసేసి, అడగలేదేమని తప్పుపట్టడం మన విద్యావ్యవస్థకు కొత్తేమీ కాదనుకోండి.

ఇంటి దగ్గర, అంటే తెలుగు రాష్ట్రాల్లో, ఈ ప్రశ్నకు పాతికేళ్లుగా ఇచ్చిన జవాబు కమిటీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. నీటి వినియోగదారుల సంఘాలు, జన్మభూమి నడుస్తున్న రోజులవి. బడికీ తల్లిదండ్రుల కమిటీ అన్నారు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ దేశమంతటా పాఠశాల యాజమాన్య కమిటీలు పెట్టమంది. నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మహిళలు ఉండాలంది. ఎయిడ్ లేని ప్రైవేటు బడుల్ని మాత్రం ఆ సెక్షన్ నుంచి వదిలేసింది. 2019 నవంబరు 14న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మన బడి నాడు-నేడు తొలి విడత 15,715 బడుల మరమ్మతుల డబ్బును తల్లిదండ్రుల కమిటీల ద్వారా ఖర్చుపెట్టించింది. 2024లో తెలంగాణ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి స్వయం సహాయక సంఘాల మహిళల్ని అధ్యక్షులుగా, హెడ్మాస్టర్లను కన్వీనర్లుగా పెట్టింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది, అధ్యక్ష పీఠం ఒకరి నుంచి మరొకరికి వెళ్లింది. ఈ కమిటీలన్నిటికీ ఒక పోలిక ఉంది. వాటి చేతికి వచ్చింది సిమెంటు, సున్నం, టాయిలెట్లు, ఫ్యాన్లు. చదువు ఎలా నడవాలన్నది ఏనాడూ వాటి ముందుకు నిజంగా రాలేదు. ఫ్యాన్లు తిరగడం అవసరమే, కాదనను.

కమిటీల మీద జరిగిన గట్టి పరిశోధనలు ఏమాత్రం ఉత్సాహాన్నివ్వవు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, రుక్మిణీ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, తమ ఊళ్లో విద్యా కమిటీ ఉందన్న సంగతే గ్రామస్తుల్లో పదిమందిలో తొమ్మిది మందికి తెలియదు. సభ్యులుగా పేరున్న వారిలో కూడా కొందరికి తాము సభ్యులమని తెలియదు. సమావేశాలు పెట్టి కమిటీ అధికారాలు వివరించినా పెద్దగా మార్పు రాలేదు. అదే ఊళ్లలో యువకులకు చదవడం నేర్పే పద్ధతి చూపించి, పిల్లలకు మీరే చెప్పండి అని పని అప్పగిస్తే మాత్రం ముందుకొచ్చారు, పిల్లలు చదవడం నేర్చుకున్నారు. మధ్యప్రదేశ్‌లో బడుల నిర్వహణ మెరుగుపరిచే కార్యక్రమాన్ని కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ పరిశీలించారు. బడుల మూల్యాంకనం జరిగింది, అభివృద్ధి ప్రణాళికలు తయారయ్యాయి, కాగితాలన్నీ సకాలంలో పైకి వెళ్లాయి. టీచర్ల పనిలో గానీ పిల్లల చదువులో గానీ తేడా లేదు. అయినా అది విజయవంతమైందనుకుని దేశంలో ఆరు లక్షలకు పైగా బడులకు విస్తరించారు. రెండిటినీ పక్కపక్కన పెడితే తేలేది ఒకటే. ఏదో ఒక పనిని, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలుతో సహా అప్పగించినప్పుడు మనుషులు కదిలారు. సభ్యత్వం మాత్రమే ఇచ్చినప్పుడు సంతకం పెట్టి ఇంటికెళ్లారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, వచ్చి తీరాలి. టీచర్‌కు భద్రత, బలం ఉంటే పిల్లలకు మాట దక్కుతుందన్న వాదనే నిజమైతే తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడులు ఈపాటికి బాలల రాజ్యాలు కావాలి కదా! ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయ సమాఖ్య 1947 నాటిది, యూటీఎఫ్ 1974లో పుట్టింది. పీఆర్టీయూ వంటి సంఘాల బలం ఏ ప్రభుత్వానికైనా తెలుసు. రాజ్యాంగం 171వ అధికరణ శాసన మండలిలో పన్నెండో వంతు సీట్లు ఉపాధ్యాయులు ఎన్నుకునే వారికే కేటాయించింది. ప్రభుత్వ టీచర్‌ని ఊరికే తీసేయడం ఎవరి తరమూ కాదు. అయినా అక్కడి తరగతి గదిలో పిల్లవాడి మాటకు విలువ అల్ వుకైర్‌లో కన్నా ఎక్కువేం కాదు. ఈ అభ్యంతరాన్ని పక్కకు నెట్టలేం. దానికి జవాబు ఆ బలం దేనికి ఖర్చయిందో చూడటంలో ఉంది. బదిలీలు, పదోన్నతులు, పీఆర్సీ, పెన్షన్ విషయాల్లో సంఘాలు గట్టిగా పోరాడాయి, పోరాడాలి కూడా. బోధన మాత్రం అధికారుల చేతుల్లోనే ఉండిపోయింది. పై నుంచి వచ్చే శిక్షణ, పై నుంచి వచ్చే పాఠ్య ప్రణాళిక, పై నుంచి వచ్చే యాప్. మరుగుదొడ్ల శుభ్రత నిరూపించడానికి ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని ఆంధ్రప్రదేశ్ బడుల్లో టీచర్ల మీద పడింది. 2022 ఆగస్టులో ముఖం చూపించి హాజరు వేసే యాప్‌ని సొంత ఫోన్లలో పెట్టుకోమంటే వాళ్లు ఆందోళనకు దిగాల్సి వచ్చింది. ఉద్యోగ భద్రత ఒకటి, వృత్తిలో స్వేచ్ఛ ఒకటి. ప్రభుత్వ టీచర్‌కు మొదటిది ఉంది, రెండోది లేదు. అల్ వుకైర్ టీచర్‌కు రెండూ లేవు. మన దగ్గరి ప్రైవేటు టీచర్ పరిస్థితీ అంతే. కరోనా కాలంలో బడులు మూతపడి జీతాలు ఆగిపోతే, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చి ఆదుకోవాల్సి వచ్చింది.

వృత్తిలో స్వేచ్ఛ దక్కిన చోట ఏం జరుగుతుందో చూడాలంటే తెలుగునేల మీదే ఒక ఉదాహరణ ఉంది. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద నడిచే రిషివ్యాలీ గురించి అందరికీ తెలుసు. కలిగినవాళ్ల పిల్లల బడి అని కొట్టిపారేయడమూ అలవాటే. కానీ ఆ లోయ చుట్టూ ఉన్న పల్లెల్లో, కూలీల పిల్లల కోసం నడిచిన చిన్న బడుల సంగతి వేరు. పద్మనాభరావు, రమ దంపతుల నాయకత్వంలో రిషివ్యాలీ గ్రామీణ విద్యా విభాగం అక్కడ ఒక పద్ధతి తయారుచేసింది. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలు, ఒకే టీచర్. పాఠ్యపుస్తకం బదులు వందల కార్డులు. గోడ మీద ఒక నిచ్చెన పటం. దాని మెట్ల మీద బొమ్మ గుర్తులు, కార్డుల మీదా అవే గుర్తులు. బడికి రాగానే పిల్ల పటం దగ్గరికెళ్లి తాను నిన్న ఎక్కడ ఆగిందో చూసుకుంటుంది, తన తర్వాతి కార్డు తనే తీసుకుంటుంది, ఆ గుర్తును బట్టి టీచర్ దగ్గరో తోటి పిల్లల దగ్గరో ఒంటరిగానో కూర్చుంటుంది. పొలం పనులకు వెళ్లి పదిరోజులు రాకపోయినా ఆగిన చోట నుంచే మొదలుపెడుతుంది. వెనకబడ్డావన్న మాట ఉండదు. ఆ పిల్లకు బ్యాడ్జీ లేదు, ప్రమాణం లేదు. కానీ ఈ రోజు నేనేం నేర్చుకోవాలన్న నిర్ణయంలో ఆమెకు వాటా ఉంది. మనం గమనించాల్సిందేమంటే, ఆ కార్డుల తయారీలో అక్కడి టీచర్ల చెయ్యి ఉంది. వాళ్ల ఊరి పాటలు, కథలు, పంటలు అందులోకి వచ్చాయి. పని చేసి చూసి, కుదరని కార్డు మార్చుకునే వీలు వాళ్లకుంది. పిల్లకు దక్కిన స్వేచ్ఛ టీచర్‌కు దక్కిన స్వేచ్ఛలోంచే వచ్చింది.

తర్వాతి కథ ఈ మాటకు ఇంకా బలమిస్తుంది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె నుంచి ప్రభుత్వ టీచర్ల బృందం రిషివ్యాలీకి వచ్చి చూసి, తిరిగి వెళ్లి తమకు తగ్గట్టుగా నలికలి అనే పద్ధతి తయారుచేసుకుంది. రిషివ్యాలీ పద్ధతే చెన్నై నగరపాలక బడుల మీదుగా 2007 తర్వాత తమిళనాడు ప్రాథమిక బడులన్నిటికీ ఆదేశంగా వెళ్లింది. అప్పుడు కార్డులు ముద్రణాలయం నుంచి కట్టలుగా దిగాయి. వాటిని మార్చుకోవడం తమ పని కాదనుకున్నారు టీచర్లు. చాలాచోట్ల కార్డులు మిగిలాయి గానీ పద్ధతి ప్రాణం మిగల్లేదని చెప్పుకుంటారు. పిల్లల స్వేచ్ఛను కూడా ఉత్తర్వుగా పంపగలమనుకోవడం మన పరిపాలనకు ఉన్న పాత జబ్బు.

ఖతార్‌కు ఈ విషయంలో సొంత పాఠం ఉంది, అల్ వుకైర్ బడులవాళ్లు దాన్ని చదివితే మంచిది. 2001లో ఖతార్ పాలకులు అమెరికాలోని ర్యాండ్ సంస్థను పిలిచి తమ ప్రభుత్వ విద్యను సమూలంగా మార్చమన్నారు. 2002లో సుప్రీం ఎడ్యుకేషన్ కౌన్సిల్ ఏర్పడింది. 2004లో తొలి 12 ఇండిపెండెంట్ బడులు తెరుచుకున్నాయి. డబ్బు ప్రభుత్వానిది, నడిపే స్వేచ్ఛ ఆపరేటర్‌ది. టీచర్లను తీసుకోవడం, జీతం నిర్ణయించడం, పాఠ్యపుస్తకాలు ఎంచుకోవడం బడి చేతికే వచ్చాయి. కాగితం మీద చూస్తే అధికార వికేంద్రీకరణకు అంతకన్నా పెద్ద ప్రయోగం అరబ్ దేశాల్లో జరగలేదు. 2012లో లెక్కలు, సైన్సు బోధన భాష ఇంగ్లిషు నుంచి మళ్లీ అరబిక్‌కు మారింది. కాలక్రమంలో కౌన్సిల్ నియమాలు పెరిగాయి, స్వయంప్రతిపత్తి తరిగింది. 2016లో కౌన్సిల్ స్థానంలో మంత్రిత్వ శాఖ తిరిగి వచ్చింది, ఇండిపెండెంట్ అన్న పేరూ పోయింది. ఆ కాలంలో, పిసా అనే అంతర్జాతీయ పరీక్షలో ఖతార్ పిల్లల మార్కులు పెరిగిన మాట నిజం. 2006లో 57 దేశాల్లో చివరి నుంచి రెండో స్థానం, గణితంలో 318. 2018కి అది 414. ఇందులో ఎంత వాటా ఆ సంస్కరణది, ఎంత వాటా పెరిగిన ఖర్చుది అన్నది తెగే పంచాయితీ కాదు. మన ప్రశ్నకు సంబంధించి మాత్రం ఒక విషయం స్పష్టం. స్వయంప్రతిపత్తి బడి గేటు దాకా వచ్చి ఆపరేటర్ గదిలో ఆగింది. టీచర్‌కు మాత్రం పాత మంత్రిత్వ శాఖ స్థానంలో కొత్త యజమాని వచ్చాడు, అంతే.

బయటి ప్రపంచం నుంచి రెండు సాక్ష్యాలు చాలు. 1939లో మనస్తత్వవేత్తలు కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ అమెరికాలో పదేళ్ల మగపిల్లల బృందాలతో ముఖానికి పెట్టుకునే మాస్కులు తయారు చేయించడం వంటి పనులు పెట్టి, మూడు రకాల నాయకులను వాళ్ల మీద ఉంచారు. హుకుం జారీ చేసే నాయకుడు గదిలో ఉన్నంతసేపు పని బాగానే జరిగింది. ఆయన బయటికి వెళ్లగానే ఆగిపోయింది. కలిసి నిర్ణయించుకున్న బృందం నాయకుడు లేకపోయినా పని సాగించింది. ఏ పట్టింపూ లేకుండా వదిలేసిన బృందం అన్నిటికన్నా అధ్వానం. స్వేచ్ఛ అంటే పట్టించుకోకపోవడం అనుకునేవాళ్లు ఈ మూడో ఫలితాన్ని మరిచిపోకూడదు. రెండోది షికాగో. 1988 చట్టంతో అక్కడ ప్రతి బడికీ తల్లిదండ్రులు, టీచర్లు ఉండే స్థానిక మండలి వచ్చింది. హైస్కూళ్లలో ఒక విద్యార్థికీ చోటిచ్చారు. ప్రిన్సిపల్‌ని నియమించే అధికారం ఆ మండలిదే. చట్టం అందరికీ ఒకటే అయినా కొన్ని బడులే బాగుపడ్డాయి. ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ 2002లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, టీచర్లకు, ప్రిన్సిపల్‌కు, తల్లిదండ్రులకు మధ్య నమ్మకం ఎక్కువగా ఉన్న బడి బాగుపడే అవకాశం రెండింట ఒకటి, తక్కువగా ఉన్నచోట ఏడింట ఒకటి. నోటీసు కాగితం ఎప్పుడు వస్తుందోనని బిక్కుబిక్కుమనే టీచర్ ఉన్నచోట ఏ నమ్మకమూ నిలవదు.

అధికారాన్ని పంచితే బాధ్యత గాలికి పోతుందన్నది పాలకుల వైపు నుంచి వచ్చే అతి బలమైన అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2022 సెప్టెంబరులో అల్ వక్రాలో ఒక కిండర్‌గార్టెన్ బస్సులో నిద్రపోయిన నాలుగేళ్ల భారతీయ బాలికను ఎవరూ చూసుకోకుండా తలుపులు మూసి వెళ్లడంతో ఎండకు ఆ బిడ్డ చనిపోయింది. మంత్రిత్వ శాఖ ఆ బడిని మూసేయించింది. ఇలాంటి చోట భాగస్వామ్యం గురించి మాట్లాడటం దుర్మార్గం. ప్రతి సీటూ చూసి, దిగిన పిల్లల్ని లెక్కపెట్టి, సంతకం పెట్టే మనిషి ఒకరే ఉండాలి, ఆ మనిషి పేరు అందరికీ తెలియాలి. ఇంతవరకు ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ లెక్క తప్పినప్పుడు పట్టుకోవాల్సిన రెండో చెయ్యి తరగతి టీచర్‌ది. హాజరు పట్టీలో ఒక పేరు ఖాళీగా ఉంటే, ఆఫీసుకు కాగితం పంపి మధ్యాహ్నం దాకా ఆగకుండా, అప్పటికప్పుడు ఇంటికి ఫోన్ చేసే అధికారం, బస్సు దగ్గరికి మనిషిని పంపే అధికారం ఆమెకుండాలి. ఏ పైవారి అనుమతీ లేకుండా ఉండాలి. అంటే భద్రత కూడా కేంద్రీకరణకు వాదన కాదు. ఎవరు జవాబుదారీ అన్నది ఒక్కరి మీదే ఉండాలి, ఆపమని చెప్పే హక్కు మాత్రం చిట్టచివరి మనిషి దాకా వెళ్లాలి.

పిల్లలకు ఏం తెలుసన్నది రెండో అభ్యంతరం. ఎ.ఎస్. నీల్ 1921లో జర్మనీలో మొదలుపెట్టి, తర్వాత ఇంగ్లండ్‌కు మార్చిన సమ్మర్‌హిల్‌లో పిల్లవాడి ఓటూ, టీచర్ ఓటూ సమానం. ఆ బడి ఇంకా నడుస్తోంది. దాన్ని అల్ వుకైర్‌కు తెచ్చి పెట్టమని ఎవరూ అడగడం లేదు. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్ష ఎదురుగా ఉన్నచోట అది కుదిరే పనీ కాదు. అడిగేది అంతకన్నా చాలా చిన్నది. ఏది నేర్చుకోవాలన్నది బోర్డు చెబుతుంది, ఎప్పుడు ఎంత వేగంగా అన్నది తరగతిలో తేలాలి. హోంవర్కు ఏ రోజు ఏ సబ్జెక్టుది అన్నది ఆ తరగతి టీచర్లు పిల్లలతో కూర్చుని వేసుకోవచ్చు. యూనిట్ టెస్టు తేదీలు టర్ము మొదట్లో తరగతివారీగా ఖరారు చేసుకోవచ్చు. ఇవి బోర్డుకూ అడ్డురావు, మంత్రిత్వ శాఖకూ అడ్డురావు. ఇవాళ ఇవి ప్రిన్సిపల్ బల్ల మీద ఉండటానికి అలవాటు తప్ప కారణం లేదు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణ, తనకు సంబంధించిన విషయాల్లో పిల్లవాడి మాటకు వయసుకు తగ్గ విలువ ఇమ్మంటుంది. దాన్ని భారతదేశం 1992లో, ఖతార్ 1995లో ఆమోదించాయి.

ఫీజు కట్టేది మేము, మాట మాదే కావాలి అనే తల్లిదండ్రుల సంగతి? ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ఒక తేడా చూపించాడు. సంస్థ నచ్చనివాడికి రెండు దారులు, వెళ్లిపోవడం లేదా నోరు విప్పడం. ఖతార్‌లో భారతీయ బడుల సీట్లకు ఏటా కటకటే, కాబట్టి వెళ్లిపోతామన్న బెదిరింపుకు పదును తక్కువ. మిగిలింది నోరు విప్పడం. అది పీటీఏ సమావేశంలోనో వాట్సాప్ గ్రూపులోనో ఒక టీచర్ మీద ఫిర్యాదుగా బయటికొస్తుంది. ఫిర్యాదు తిన్నగా పైకి వెళ్తుంది, వివరణ కోరే కాగితం కిందికి దిగుతుంది. ఇలా తల్లిదండ్రులకు దక్కిన మాట టీచర్‌ని ఇంకా కుంగదీస్తోంది తప్ప పిల్లలకేమీ మిగల్చడం లేదు. తెలుగు కుటుంబాలకు దగ్గరి ఉదాహరణ రెండో భాష. సీబీఎస్‌ఈ సబ్జెక్టుల జాబితాలో తెలుగు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పేర్లతో రెండు కోడ్ల కింద ఉంది. అంటే బోర్డు అడ్డు చెప్పదు. గల్ఫ్ బడుల్లో హిందీ, మలయాళం, ఫ్రెంచ్ కనిపించినంతగా తెలుగు కనిపించకపోవడానికి కారణం బడి లెక్కలు, అంటే ఎంతమంది పిల్లలు, ఒక టీచర్ జీతం, ఒక గది, టైంటేబుల్లో ఒక గడి. ఈ లెక్క ఎవరి ముందూ పెట్టరు. పెడితే తెలుగు తల్లిదండ్రులు పేర్లు పోగుచేయగలరు, బడిలో ఇప్పటికే ఉన్న తెలుగు టీచర్లు పీరియడ్లు సర్దుకునే మార్గం చెప్పగలరు, పిల్లలు తమకు కావాలో వద్దో చెప్పగలరు. వద్దని చెప్పే పిల్లలూ ఉంటారు. అప్పుడు ఆ మాట కూడా వినాలి.

గల్ఫ్‌లో సంఘాలు పెట్టుకోనివ్వరు, ఇదంతా ఎలా సాధ్యమన్న చివరి అభ్యంతరంలో సగమే నిజం. ఖతార్ 2004 కార్మిక చట్టం సంఘం పెట్టుకునే హక్కును తన పౌరులకే పరిమితం చేసింది. కానీ అదే చట్టం, 30 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో యాజమాన్యం, ఉద్యోగులు సమానంగా ఉండే ఉమ్మడి కమిటీ పెట్టుకోవచ్చంది. ఉద్యోగుల ప్రతినిధుల ఎన్నికకు 2019లో కార్మిక వ్యవహారాల మంత్రిత్వ శాఖ నియమాలు కూడా ఇచ్చింది. పని ఏర్పాట్లు, శిక్షణ, భద్రత ఆ కమిటీ చర్చించదగ్గ విషయాలే. అల్ వుకైర్‌లోని పెద్ద బడుల్లో ఉద్యోగుల సంఖ్య ఆ పరిమితిని సులువుగా దాటుతుంది. పిల్లల దాకా మాట చేరాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడ, విద్యార్థి మండలి ఎన్నికల దగ్గర కాదు. అలాంటి కమిటీలో టీచర్లు మొదటి సమావేశానికి పెట్టే మొదటి అంశం బహుశా జీతమే అవుతుంది, రెండోది సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు. పరీక్షల టైంటేబుల్, లెసన్ ప్లాన్లలో మార్పు చేసుకునే వీలు మూడో స్థానంలోనో నాలుగో స్థానంలోనో వస్తాయి. మేనేజ్‌మెంట్లు ఆ వరస చూసి బెదిరిపోనక్కర్లేదు. టీచర్లు మాత్రం తెలుగు రాష్ట్రాల సంఘాల్లాగా రెండో అంశం దగ్గరే ఆగిపోకూడదు.